ఉన్నంతలో విందు

తిండి కోసం ఊరు దాటి వెళ్ళే యాత్రికుడిలో రెండు కోరికలు ఒకేసారి కదులుతుంటాయి. ఇంట్లోనూ వీధి చివరి హోటల్లోనూ దొరకని రుచిని తనివితీరా అనుభవించాలనేది ఒకటి. హంగూ ఆర్భాటమూ లేని తిండి, మట్టికీ కట్టెల పొయ్యికీ దగ్గరగా ఉన్న తిండి తిని, ఒక్క పూటైనా తేలికగా బతికి చూడాలనేది ఇంకొకటి. మొదటిది భోగం, రెండోది నిరాడంబరత. ఈ రెంటికీ పొసగదని మన పెద్దలు మొదటినుంచీ అనుకుంటూ వచ్చారు. అయినా సెలవు రోజున హైదరాబాద్ నుంచి మెదక్ దిక్కు బయల్దేరే కార్లలో రెండు కోరికలూ కలిసే ప్రయాణం చేస్తున్నాయి. వాటి మధ్య రాజీ ఎక్కడ కుదురుతుందో, ఎక్కడ చెడుతుందో తెలియాలంటే ఆ దారిలోని తిండినే ఒక్కొక్కటిగా చూడాలి.

మెదక్ జిల్లా ఎల్దుర్తి మండల కేంద్రం రెండు పెద్ద దారుల నడుమ ఉంది. తూర్పున మాసాయిపేట మీదుగా 44వ జాతీయ రహదారి నాగపూర్ వైపు పోతుంది. పడమటి దారి నర్సాపూర్ అడవి దాటి మెదక్ పట్టణం చేరుతుంది. వానాకాలంలో కాల్చిన మక్క కంకులు, దసరా దీపావళి రోజుల్లో సీతాఫలాల గంపలు, ఎండలు ముదిరాక తాటి ముంజలు, ఏడాది పొడవునా నాటుకోడి బోర్డులు ఈ దారుల మీద కనిపిస్తాయి. 2019లో యునెస్కో తన సృజనాత్మక నగరాల జాబితాలో హైదరాబాద్‌ను వంటల నగరంగా చేర్చింది. బిర్యానీ కోసం, హలీం కోసం లోకం ఆ నగరానికి వస్తుంటే, ఆ నగరవాసి జొన్నరొట్టె కోసం, పచ్చిపులుసు కోసం, ఈత కల్లు కోసం బయటికి వస్తున్నాడు.

ఈ ప్రాంతానికి తిండి యాత్ర కొత్తదేమీ కాదు. పాపన్నపేట మండలం నాగసాన్‌పల్లి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలిన చోట వనదుర్గ గుడి ఉంది. మహాశివరాత్రికి అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. జాతర లేని రోజుల్లోనూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కుటుంబాలతో వస్తారు. యాటనో కోడినో అమ్మవారికి మొక్కు చెల్లించి, చెట్ల కింద మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, బగారా అన్నం, కూర వండుకుని, బంధువులందరికీ దావత్ ఇచ్చి పోతారు. ఇది భోగమే, సందేహం లేదు. ఆ రోజు లెక్కపెట్టి తినేవాళ్ళు ఉండరు. కానీ దానికి ముందూ వెనకా నెలల తరబడి గటుక, చల్ల, తొక్కు, పప్పు ఉండేవి. మాంసం పండక్కో, పెండ్లికో, మొక్కుకో ముడిపడి ఉండేది. ఎదురుచూపు వల్ల విందుకు రుచి వచ్చేది; విందు ఉందన్న ధైర్యంతో సాదా రోజులు గడిచేవి. భోగానికీ పొదుపుకీ మధ్య ఉన్న ఈ ఒప్పందాన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు. పంటలు, అప్పులు, పండుగలు కలిసి దాన్ని నడిపించాయి. వారం వారం దావత్ చేసుకోగల స్తోమత వచ్చినప్పుడు చెదిరేది ఈ ఒప్పందమే.

ఆకలి జ్ఞాపకం ఇక్కడ అంత పాతదీ కాదు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని చూడటానికి వచ్చేవారు దాని గోపురాన్నీ రంగుటద్దాల కిటికీలనీ మెచ్చుకుంటారు. కరువు రోజుల్లో జనానికి ఊరికే పంచిపెట్టే బదులు పని ఇచ్చి, ఆ పనికి తిండి పెట్టాలని మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ నిర్మాణాన్ని తలపెట్టాడు. రాళ్ళు మోసినవాళ్ళు పూట గడవడానికి మోశారు. ఇవాళ ఆ ప్రాంగణం చూసి, మెదక్ పట్టణంలో భోజనం చేసి ఫొటో తీసుకునే యాత్రికుడికీ వాళ్ళకీ మధ్య నూరేళ్ళే దూరం. సాదా తిండి అనే మాటను ఈ జిల్లాలో వాడేటప్పుడు ఇది మనసులో ఉండాలి. కోరి తగ్గించుకున్న తిండి వేరు, గతిలేక తగ్గిన తిండి వేరు. రెండోదాన్ని అందంగా చూపించడం అన్యాయం.

జొన్నరొట్టె కథలో ఈ తేడా బాగా తెలుస్తుంది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. ఉడుకు నీళ్ళు పోసి, చెయ్యి కాలుతున్నా పిసికి, ముద్ద ఆరకముందే అరచేతితో తట్టి, పెంక మీద వేసి, పైన తడి అద్ది కాల్చాలి. పొద్దున కలిపి పెట్టి మధ్యాహ్నం కాలుద్దామంటే కుదరదు. ఒక్కో రొట్టెకు ఒక్కోసారి చెయ్యి పడాల్సిందే. ఇంటిల్లిపాదికీ రొట్టెలు చేసేసరికి పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషికి నడుము పట్టేసేది. పొయ్యిలోకి కట్టెలు ఏరుకొచ్చిందీ, ఒకప్పుడు జొన్నలు విసిరిందీ ఆమే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక పల్లెల్లో పొయ్యి మీద అన్నం కుండ స్థిరపడిందంటే దానికి రుచి ఒక్కటే కారణం కాదు. అన్నం వండటానికి అంత చాకిరీ లేదు. అన్నం తినడం గౌరవం కూడా. బోర్లు వచ్చాయి, వరి పెరిగింది. 2021లో కొండపోచమ్మ సాగర్ నుంచి గోదావరి నీళ్ళను ఈ ప్రాంతపు హల్దీ వాగులోకి వదిలారు. నీళ్ళున్న చోట రైతు రెండు కార్లూ వరే వేస్తాడు. జొన్న వేస్తే పిట్టల కాపలా, కోత, దంపుడు అన్నీ తలనొప్పే. 2025లో రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. పల్లె మనిషి దొడ్డన్నం నుంచి సన్నన్నానికి వచ్చిన కాలంలోనే పట్నం మనిషి సన్నన్నం మానేసి జొన్నరొట్టె వెతుక్కుంటూ వచ్చాడు. ఎవరికి కరువైంది వాళ్ళకు కమ్మగా ఉంటుంది. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, తినేవాడి సాదాతనం వండేవాళ్ళ మీద రెట్టింపు బరువైన చోట. ఇంట్లో పది రొట్టెలు చేసిన చెయ్యి ధాబాలో వందల రొట్టెలు చేస్తోంది. బల్ల ముందు కూర్చున్న అతిథికి అది మట్టి వాసన వేసే తేలికైన భోజనం. పెంక ముందు కూర్చున్న మనిషికి అది పొగలో, సెగలో ఎనిమిది గంటల కూలి. రొట్టె అదే కావచ్చు, కానీ నిరాడంబరత అనే పేరు దానికి నప్పదు. ఆ చేతికి ఎంత కూలి ముడుతోంది, ఆ వంటింటికి పొగ పోయే దారి ఉందా అని అడిగే యాత్రికులు తక్కువ. రుచి గురించి ఎంత మాట్లాడతారో ఈ సంగతీ అంతే మాట్లాడాలి.

కల్లు సంగతి ఇంకా లోతైనది. తాటిచెట్టు గీతకు రావడానికి పదిహేనేళ్ళ దాకా పడుతుంది. గీత కార్మికుడు మోకు, ముస్తాదు కట్టుకుని పొద్దున ఎక్కుతాడు, సాయంత్రం ఎక్కుతాడు. పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అంటూ ఏ కాలానికి ఏ చెట్టు పారుతుందో అతనికి కంఠతా వచ్చు. ఒక చెట్టు ఒక రోజుకు ఇచ్చేది దాని ఇష్టం. లొట్టిలో ఉన్నంతే కల్లు. పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, మర్నాటికి పనికిరాదు. మండువలో తాటి రేక పట్టుకుని కూర్చున్నవాడు ఆ చెట్టు ఇచ్చినంత తాగి లేవాలి. ఇంత కచ్చితమైన హద్దు ఉన్న భోగం మరొకటి లేదేమో. దాచుకోవడానికి వీల్లేదు, పెంచుకోవడానికి వీల్లేదు, దూరం తీసుకుపోవడానికి వీల్లేదు. కావాలంటే మనిషే చెట్టు దగ్గరికి రావాలి. వచ్చిన మనిషి కాలాన్నీ పొద్దునీ పాటించాలి.

తాగేవాళ్ళు పెరిగి చెట్లు పెరగకపోతే ఏమవుతుందో తెలంగాణ చూసింది. చెట్టు ఇవ్వని కల్లును మనుషులు తయారుచేశారు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు నీళ్ళలో కలిపి, తీపి చేర్చి కల్లు పేరుతో అమ్మారు. దానికి అలవాటుపడిన కూలీలు ఒక్కరోజు దొరక్కపోతే వణికిపోయి, పిచ్చిపిచ్చిగా ప్రవర్తించి ఆసుపత్రుల పాలయ్యారు. ప్రాణాలు కూడా పోయాయి. ఈ విపత్తుకు యాత్రికుడు కారణమని అనడం సరికాదు. దాని మూలాలు పేదరికంలో, దుకాణాల లాభాపేక్షలో ఉన్నాయి. అయితే దాని లోపలి లెక్క మాత్రం తిండి యాత్రకూ వర్తిస్తుంది. చెట్టు హద్దును ఒప్పుకోని కోరిక ఏదైనా చివరికి నకిలీని పుట్టిస్తుంది. దారి పక్కన ఎప్పుడు అడిగినా, ఎంత అడిగినా దొరికే కల్లును అనుమానించడమే మంచిది. ఇవాళ్టికి అయిపోయింది, రేపు పొద్దున రమ్మని చెప్పే చోటు నమ్మదగ్గది. గీత కార్మికుల ప్రాణాలకు రక్షణగా తాడు, బెల్టుతో కూడిన కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం 2024లోగానీ మొదలుకాలేదు. ఎన్ని తరాలు ఎంత ప్రమాదంలో ఈ రుచిని కిందికి దించాయో దాన్నిబట్టి తెలుస్తుంది.

నాటుకోడిదీ ఇలాంటి దారే. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలకు వస్తుంది. పెరట్లో తిరిగి పురుగూ గింజా ఏరుకుతిన్న కోడి కోతకు రావాలంటే ఐదారు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నాటుపెట్ట ఏడాదికి పెట్టేవి అరవయ్యో డెబ్భయ్యో గుడ్లు. ఈ లెక్కన దారి పొడవునా ఉన్న బోర్డులన్నిటికీ సరిపడా పెరటి కోళ్ళు ఏ మండలంలోనూ ఉండవు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను పల్లె ఇళ్ళల్లో పెంచుకోవడానికి అభివృద్ధి చేసింది. రంగు ఈకలతో, పెరట్లో బతికే శక్తితో ఉండే ఆ కోళ్ళు పేదింటికి మేలే చేశాయి. వాటిని షెడ్లలో వేలకొద్దీ పెంచి పాతకాలపు నాటుకోడిగా అమ్మితే మాత్రం కొనేవాడు మోసపోయినట్టే. నిజామాబాద్ జిల్లా అంకాపూర్ ఇక్కడ గుర్తుచేసుకోదగ్గ ఊరు. విత్తన పంటలతో, పసుపుతో, ఎర్రజొన్నతో ముందే పేరున్న ఆ ఊరికి ఇప్పుడు దేశీ కోడి కూర కోసం దూరాల నుంచి వస్తున్నారు. ముందుగా చెబితే కోడిని కోసి వండి, అన్నంతో కలిపి ఇస్తారు. వ్యవసాయంలో నిలదొక్కుకున్న ఊరు కాబట్టి అతిథి రాకపోయినా దాని బతుకు ఆగదు. తిండి యాత్ర ఏ ఊరికైనా అలాగే, సేద్యానికి తోడుగా వస్తే నిలుస్తుంది. సేద్యం వదిలేసి అతిథి మీదే ఆధారపడిన ఊరు ఆ అతిథి మోజు మారిన రోజున నష్టపోతుంది.

భోగమూ నిరాడంబరతా శత్రువులన్న మాటను తత్వవేత్తలు అందరూ ఒప్పుకోలేదు. గ్రీకు దేశపు ఎపిక్యూరస్ పేరు తరవాతి కాలంలో తిండిపోతుతనానికి పర్యాయపదంగా వాడారు. నిజానికి క్రీ.పూ. 270లో చనిపోయిన ఆ మనిషి ఏథెన్సులోని తన తోటలో మిత్రులతో రొట్టె, నీళ్ళతో గడిపాడు. ఎప్పుడైనా విందు చేసుకోవాలనిపిస్తే ఒక చిన్న కుండ జున్ను పంపమని మిత్రుడిని అడిగాడట. సుఖమే జీవిత లక్ష్యమని చెప్పినవాడికి సుఖం అంత కొద్దిలో దొరికింది. గాంధీ దీనికి ఎదురు కొసలో నిలబడ్డాడు. ఆయన ఆశ్రమవ్రతాల్లో అస్వాదం ఒకటి. 1930లో ఎరవాడ జైలు నుంచి రాసిన లేఖల్లో తిండిని మందులా, శరీరానికి కావలసినంతే తీసుకోవాలన్నాడు. అయితే ఆయన దగ్గరకు వచ్చిన అమెరికన్ రిచర్డ్ గ్రెగ్, తాను అన్నీ వదులుకోగలను గానీ పుస్తకాలు వదులుకోలేనని చెప్పినప్పుడు, అలాగైతే వదలొద్దని గాంధీయే అన్నాడు. లోపల కోరిక ఉండగా బలవంతాన విడిచినది మనిషిని మరింత బాధపెడుతుందని ఆయన భావన. ఆ గ్రెగ్ 1936లో ఐచ్ఛిక నిరాడంబరత గురించి రాసిన వ్యాసం తరవాతి తరాలకు దారి చూపింది. ఇటీవలి కాలంలో బ్రిటిష్ తత్వవేత్త కేట్ సోపర్ మరో కోణం చూపించింది. తక్కువ వస్తువులతో బతకడం త్యాగమని కాక, తీరికా రుచీ ఆరోగ్యమూ తిరిగి దక్కించుకునే మరో రకం సుఖమని ఆమె వాదం. మెదక్ మనిషికి ఈ వాదం కొత్తగా అనిపించదు. ఎండలో నాట్లు వేసి వచ్చి చల్ల కలిపిన అంబలి తాగినప్పుడు ఆ సుఖం ఎలాంటిదో ఇక్కడివాళ్ళకు తెలుసు. అస్వాదం కన్నా ఈ దారి ఎక్కువమందికి అందుతుంది, అందుకే ఇది మెరుగు.

ఈ వాదం ఆచరణలో ఎలా ఉంటుందో ఉమ్మడి మెదక్ జిల్లాలోనే చూడొచ్చు. 2016లో జిల్లాల విభజన తరవాత సంగారెడ్డిలోకి వెళ్ళిన జహీరాబాద్ ప్రాంతంలో, పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. పీవీ సతీష్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. ఆయన 2023లో కన్నుమూశారు. ఊరూరా సంఘాలుగా కూడిన పేద మహిళలు, అందులో ఎక్కువమంది దళితులు, బీడుపడిన చెల్కలను మళ్ళీ సాగులోకి తెచ్చారు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుములు కలిపి ఒకే చెల్కలో వేశారు. విత్తనాలు కొనకుండా బూడిద, వేపాకు కలిపి గుల్లల్లో, కుండల్లో దాచుకున్నారు. సర్కారు బియ్యానికి బదులుగా తమ జొన్నలనే ఊళ్ళో తిండిగింజలు లేనివాళ్ళకు చవకగా అందించే ఏర్పాటును 1990లలోనే చేసుకున్నారు. సంక్రాంతి రోజుల్లో మొదలయ్యే పాత పంటల జాతరలో అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాల కుండలు పెట్టుకుని ఊరూరూ తిరుగుతారు. 2019లో ఈ మహిళల కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి దక్కింది.

జహీరాబాద్‌లో కెఫె ఎత్నిక్ పేరుతో ఈ సంస్థ చిరుధాన్యాల హోటల్ కూడా నడిపింది. పొలం ముందు, బల్ల తరవాత అనే వరస ఇందులో కనిపిస్తుంది. సాగుచేసేవాళ్ళు ముందు తమ కడుపు నింపుకున్నారు, తమ పిల్లలకు పెట్టుకున్నారు, విత్తనం దాచుకున్నారు. మిగిలింది అతిథికి వడ్డించారు. సాగు చేయకుండానే పొలంగట్ల మీద మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి, గంగవాయిలకూర, గునుగుకూరలను వాళ్ళు గుర్తుపెట్టుకుని, వాటి పోషక విలువను బయటివాళ్ళకు చెప్పారు. కలుపుమందు కొట్టిన చేలో ఆ ఆకులు బతకవు. ఆ కూరను ఇష్టంగా తిన్న పట్నం మనిషి మందు కొట్టని చేనుకు మద్దతు ఇచ్చినట్టే. ఇక్కడ భోగం సాగును కాపాడుతోంది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు కొర్రలు, సామలు నగర దుకాణాల్లో అందమైన ప్యాకెట్లలోకి ఎక్కాయి. ఆ ధరలో రైతు వాటా పెరిగితేనే ఆ సంవత్సరానికి అర్థం.

కెమెరా సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2017లో మొదలైన గ్రాండ్‌పా కిచెన్ అనే యూట్యూబ్ ఛానెల్‌లో తెలంగాణకు చెందిన నారాయణ రెడ్డి ఆరుబయట కట్టెల పొయ్యి మీద పెద్ద పెద్ద గిన్నెల్లో వండి, ఆ తిండిని అనాథ పిల్లలకు పెట్టేవారు. 2019లో ఆయన చనిపోయేనాటికి లోకమంతటా లక్షలమంది చూస్తున్నారు. చూసినవాళ్ళ కంటికి విందు, తిన్న పిల్లల కడుపుకు భోజనం. ఆ వరస ఇప్పటి తిండి వీడియోల్లో చాలావాటికి లేదు. ఒక మనిషి ముందు ఐదారుగురికి సరిపోయే కోడి, బోటి, తలకాయ కూర పరిచి, ఒక్కో ముద్ద తిని ఆహా అని, మిగతాది వదిలేసి లేవడం మనసుకు కష్టంగా ఉంటుంది. పల్లెలో ఇప్పటికీ అన్నం పారేస్తే పెద్దవాళ్ళు కోప్పడతారు. ఆ కోపంలో న్యాయం ఉంది. ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ డబ్బాలు మంజీర పాయల్లో, హల్దీ ఒడ్డున వదిలి వెళ్ళేవారి మీద కూడా అంతే కోపం రావాలి.

తిండి యాత్రలో నిరాడంబరతను కొలవడానికి పళ్ళెంలో ఏముందని చూడటం చాలదు. జొన్నరొట్టె తిన్నంతమాత్రాన ఎవరూ సాదాగా బతికినట్టు కాదు. యాటకూర తిన్నంతమాత్రాన భోగిగా మారిపోరు. అడిగింది దొరక్కపోతే ఉన్నది తినడం, వండేదాకా ఆగడం, పెట్టింది మిగల్చకపోవడం, చెట్టెక్కిన మనిషికీ పెంక ముందు కూర్చున్న మనిషికీ బేరమాడకుండా ఇవ్వడం, తెచ్చిన చెత్త తిరిగి తీసుకుపోవడం — ఈ పనులు చేసినవాడు కడుపునిండా తిన్నా ఊరికి భారం కాడు.

ఎల్దుర్తి దిక్కు వచ్చేవారికి ఒక మాట. కొత్త జొన్నలు కావాలంటే యాసంగి జొన్న కోతలయ్యాక రండి. ముంజలు ఎండాకాలంలో, మక్క కంకులు వానల్లో, సీతాఫలాలు దసరా తరవాత దొరుకుతాయి. కల్లు కోసమైతే పొద్దున్నే రండి. భోజనం కావాలంటే ఒకరోజు ముందే చెప్పండి, ఎంతమందో సరిగ్గా చెప్పండి. అప్పుడు ఎంతమందికి అన్నారో అంతమందికే పొయ్యి మీద పెడతారు.